గోడ పక్కన చెప్పులు

నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఎద్దులన్నీ మా తాతయ్యను అసహ్యించుకునేవి. ఇది మాటవరసకు అంటున్నది కాదు. ఇబ్రహీంపట్నం బజారులో ఆయన నడిచి వస్తుంటే బండికి కట్టిన ఎద్దులు చెవులు వెనక్కి పెట్టి బుస కొట్టేవి. కొన్ని కొమ్ములు దించేవి. దూరంగా మేస్తున్నవి కూడా తల ఎత్తి, ఆయన మలుపు తిరిగేదాకా చూసి, ఆ తరువాతే మళ్ళీ గడ్డికి వంగేవి. అందుకని ఆయన బజారు మధ్యలో నడిచేవాడు కాదు. ఇళ్ళ గోడలను రాసుకుంటూ, నీడ పట్టున నడిచేవాడు. కొత్తవాళ్ళు చూస్తే ఏదో తప్పు చేసి తిరుగుతున్నాడనుకునేవారు.

ఆయన చేసిన తప్పల్లా వాటి ముక్కులు కుట్టడమే. రెండేళ్ళు దాటిన కోడె ఒంట్లో బలం ఎంతో దానికే తెలియదు. ముకుతాడు వేస్తే తప్ప అది కాడి కిందికి రాదు. రెండు ముక్కుపుటాల నడుమ ఉండే పలుచని పొరలో దబ్బనంతో పొడిచి, ఆ కంతలోంచి తాడు దూర్చి, చెవుల వెనక్కి తీసి ముడి వేస్తారు. చెప్పడానికి ఇంతే. కాని కాస్త ముందుకు పొడిస్తే ఎప్పుడో ఒకప్పుడు ముక్కు చీలుతుంది. కాస్త లోపలికి పొడిస్తే పుండు మానదు, ఎద్దు బతికినంత కాలం మనిషి చేయి చూస్తే తల విసురుతుంది. మా తాతయ్య బొటనవేలు ఒక పుటంలో, చూపుడువేలు మరో పుటంలో పెట్టి, కళ్ళు మూసుకుని ఆ చోటు వెతికేవాడు. దొరికిందంటే ఇక ఆలస్యం ఉండేది కాదు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కూడా ఆయన దగ్గరికే కోడెలను తోలుకొచ్చేవారు.

ఈ పనిలో ఒక ఆచారం ఉండేది. కుట్టించే రైతు తన ఎద్దుకు కనపడకూడదు. కోడెను గుంజకు బిగించి, కాళ్ళకు తాళ్ళు వేసి, కళ్ళకు గుడ్డ కట్టగానే రైతు వెళ్ళి మా కొట్టం గోడ వెనుక నిలబడేవాడు. దగ్గడు, తుమ్మడు. పని అయ్యాక గుడ్డ తీసేసరికి ఎద్దు ఎదురుగా మా తాతయ్య ఒక్కడే ఉండేవాడు, వేళ్ళకు నెత్తురుతో. అప్పుడు రైతు గోడ వెనుక నుంచి పరిగెత్తుకొచ్చి ఆయనను తిట్టాలి. "ఎవడ్రా నా ఎద్దు ముక్కు కోసింది? నీ చేతులిరగ! పోతవా లేదా?" అంటూ కర్రతో నేలను బాదుతూ వాకిలి దాటేదాకా తరమాలి. ఆ తరువాత తిరిగొచ్చి, తాళ్ళు విప్పి, మెడ నిమిరి, తవుడులో బెల్లం కలిపిన ముద్దను తన చేత్తో తినిపించాలి. బాధపెట్టినవాడు వేరు, కాపాడినవాడు వేరు అని ఎద్దు నమ్మాలి. నమ్మేది. సాయంత్రం ఆ రైతే మా ఇంటికి చేటెడు జొన్నలు తెచ్చి ఇచ్చి, మా తాతయ్య పక్కన కూర్చుని చుట్ట కాల్చేవాడు.

పిల్లలకు ఇదొక వేడుక. ఏ రైతు బాగా తిట్టాడో మేము చెప్పుకుని నవ్వుకునేవాళ్ళం. కొందరు ఆ వంకతో నిజంగానే తిట్టేవారు, కులాన్నీ పుట్టుకనూ కలిపి. వాళ్ళెవరో నాకు ఇప్పటికీ గుర్తుంది. మా ఇంటి కాడెడ్లకు కూడా ఆయనే కుట్టాడు కాబట్టి అవీ ఆయనను దగ్గరికి రానిచ్చేవి కావు. వాటి మేతా నీళ్ళూ అన్నీ మా చిన్నాయనే చూసుకునేవాడు. తాతయ్య తన ఇంటి కొట్టంలోకి తాను కర్ర పట్టుకుని వెళ్ళాల్సి వచ్చేది. అందులో నవ్వడానికేమీ లేదని అప్పట్లో నాకు తోచలేదు.

నాకు ఏడేళ్ళప్పుడు మా ఆవు ఈనిన ఐదో రోజున చచ్చిపోయింది. కోడెదూడ మిగిలింది. కాళ్ళు ఆనడం లేదు, బతకదన్నారు. నేను దాని దగ్గర నుంచి లేవకుండా ఏడుస్తుంటే మా తాతయ్య విసుక్కుని, "గంత ప్రేముంటే నువ్వే సాదుకో. బతికితే నీదే పో," అన్నాడు. ఆ మాట అన్నప్పుడు మా అమ్మ పొయ్యి దగ్గర ఉంది. పక్కింటి పెద్దమ్మ మా అరుగు మీద కందిపప్పు చెరుగుతోంది. మా చిన్నాయన అప్పుడే పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. వీళ్ళను వరుసగా ఎందుకు చెబుతున్నానంటే, తరువాత ముగ్గురూ మరిచిపోయారు.

నేను సాదుకున్నాను. బర్రె పాలలో పలుచని గంజి కలిపి, గుడ్డపీలిక ముంచి నోట్లో పెట్టేదాన్ని. పీలికను ఉమ్మేసి నా వేళ్ళను చీకేది. దాని నాలుక గరుకుకు నా వేళ్ళ కొసలు పొట్టు లేచిపోయాయి. నాలుగో రోజున లేచి నిలబడింది. నుదుటి మీద తెల్లని చుక్క ఉండేది కాబట్టి చుక్కోడు అని పేరు పెట్టాను. ఆ తరువాత మూడేళ్ళు వాడు నా నీడలా తిరిగాడు. మెడకు పలుపు కట్టిన రోజు లేదు. పెద్ద చెరువుకు నీళ్ళకు తీసుకెళ్ళినా, చేల గట్ల మీద తిప్పినా, "దా చుక్కా" అంటే వచ్చేవాడు, "ఆగు" అంటే ఆగేవాడు. పోట్లాటకు దిగిన రెండు కోడెల నడుమ నుంచి వాడిని ఒక్క కేకతో వెనక్కి పిలిచిన రోజు మా చిన్నాయన కూడా నోరు తెరిచి చూశాడు. మెచ్చుకోలేదు. మెచ్చుకునే మనిషి కాదు.

ఆ ఎండాకాలంలో సర్కారు పెద్దమనిషి ఎవరో ఊళ్ళు చూసే దౌరాకు వచ్చాడు. నవాబు పాలనలో దౌరా అంటే ఊళ్ళో బండ్లన్నీ వెట్టికి కట్టాల్సిందే. డేరాలూ పెట్టెలూ వేసుకుని మా చిన్నాయన బండి మిట్టమధ్యాహ్నం హయత్‌నగర్ దాకా నడిచింది. తిరుగుదారిలో రెండెడ్లలో ఒకటి కూలబడి మళ్ళీ లేవలేదు. అడిగే దిక్కు లేదు, చెప్పుకునే చోటు లేదు. దుక్కుల కాలం దగ్గరపడుతోంది. ఒంటెద్దుతో ఏం చేస్తాడు? ఆయన బాధ నాకు ఇప్పుడు తెలుసు. కాని తనకు అన్యాయం చేసినవాళ్ళ మీద చూపలేని కోపాన్ని ఆయన నా కోడె మీద కన్నుగా మార్చుకున్నాడు. రోజూ వచ్చి దాని భుజాలు తట్టి, పళ్ళు చూసి వెళ్ళేవాడు.

"ఏమే, అత్తగారింటికి ఎద్దునెక్కి పోతవా?" అన్నాడొకరోజు అందరి ముందూ.

"అవ్, ఎక్కే పోత. నువ్వు ముంగట నడువు, తొవ్వ చూపియ్య," అన్నాను.

పెద్దమ్మ పక్కున నవ్వింది. చిన్నాయన నవ్వలేదు. ఆ తరువాత నాతో మాట్లాడటం మానేశాడు. నేను గెలిచాననుకున్నాను.

తొలకరి ఇంకా పడలేదు. ఒకరోజు ఉదయం తాతయ్య నన్ను కొట్టం దగ్గరికి పిలిచాడు. చుక్కోడి కాళ్ళకు వదులుగా తాళ్ళు వేసి ఉన్నాయి. నూనెలో పసుపు కలిపిన గిన్నె, కొత్తగా పేనిన తాడు, దబ్బనం వరుసగా పెట్టి ఉన్నాయి. ముకుతాడు ఎప్పటికైనా తప్పదని నాకూ తెలుసు. నేను వాడిని కాడికి కట్టవద్దనలేదు. నన్ను అడిగి కట్టమన్నాను, అంతే.

"చిన్నాయన ఏడి?" అని అడిగాను.

"పొలం కాడికి పోయిండు. జర తల పట్టుకో బిడ్డా. నువ్వుంటే వాడు కదలడు. నలుగురు మనుషులు పట్టే పని, నువ్వొక్కదానివి చాలు."

ఆ మాటకు నేను పొంగిపోయాను. ఊరంతటికీ ముక్కులు కుట్టే మనిషి తన పనికి నన్ను తోడు రమ్మన్నాడు. చుక్కోడి మెడ కింద చేయి వేసి తలను నా భుజం మీదికి తీసుకున్నాను. అప్పుడే గోడ పక్కన మా చిన్నాయన చెప్పుల జత కనిపించింది. ఆయనవి కిర్రు చెప్పులు. నాలుగిళ్ళ అవతలి నుంచే వినిపించేవి, ఆ చప్పుడు చుక్కోడికి కూడా తెలుసు. పొలానికి పోయినవాడి చెప్పులు ఇక్కడెందుకున్నాయి అన్న ఆలోచన రావాలి. రాలేదు. చెప్పులు కనిపించాయి, చూశాను, చూసి ఊరుకున్నాను.

కళ్ళకు గుడ్డ కట్టాక నేను వాడి చెవిలో ఏవేవో చెబుతూనే ఉన్నాను. తాతయ్య వేళ్ళు చోటు వెతికాయి. దబ్బనం దిగినప్పుడు వాడి ఒళ్ళంతా ఒక్కసారి బిగుసుకుంది. కాని కదలలేదు. నేను కదలవద్దన్నాను కాబట్టి కదలలేదు. లోపల నుంచి ఒక మూలుగు వచ్చింది, చెవికి కాదు, నా భుజానికి వినిపించింది. తాతయ్య తాడు కొసను కంతలోకి ఎక్కించి, రెండో వైపుకు వచ్చిన కొసను నా చేతిలో పెట్టి, "లాగు" అన్నాడు. లాగాను. నూనె, పసుపు, నెత్తురు కలిసి నా మోచేతి దాకా కారాయి. తాడు మొత్తం వచ్చిందని చెప్పడానికి తల తిప్పేసరికి గుడ్డ విప్పేసి ఉంది, తాతయ్య లేడు. చుక్కోడు నన్ను చూస్తున్నాడు. ముందు నా ముఖం చూశాడు. ఆ తరువాత నా చేతులు చూశాడు.

"ఎవతే నా ఎద్దు ముక్కు కోసింది? నీ చేతులిరగ!"

మా చిన్నాయన గోడ వెనుక నుంచి ఉత్త కాళ్ళతో వచ్చి నా పక్కన నేలను కర్రతో బాదాడు. నాకు మొదట నవ్వు వచ్చింది. వేళాకోళం అనుకున్నాను. మళ్ళీ బాదాడు. "పో! నా ఎద్దు జోలికొస్తవా? పోతవా లేదా?" మూడోసారి కర్ర నా పాదానికి జానెడు దూరంలో పడింది. అప్పుడు వినిపించింది నాకు, ఆయన ఏమంటున్నాడో. నా ఎద్దు. వందసార్లు విన్న తిట్టే. అందులో ఆ రెండు ముక్కలూ ఎందుకున్నాయో ఆ రోజే అర్థమైంది. వాకిలి దాటేదాకా తరిమాడు. పక్కింటి పెద్దమ్మ అరుగు మీది నుంచి, "తిట్లు మస్తుగున్నయ్ రా!" అని మెచ్చుకుంది. వాకిలి అవతల నిలబడితే చుక్కోడు బెల్లం ముద్ద నములుతున్న చప్పుడు వినిపించింది.

ఆ సాయంత్రం నేను కొట్టంలోకి వెళితే వాడు చెవులు వెనక్కి పెట్టి బుస కొట్టాడు. మా తాతయ్యను చూసి ఊళ్ళో ఎద్దులన్నీ కొట్టినట్టే. ఒక అడుగు ముందుకు వేస్తే కొమ్ములు దించాడు. వాడిని నేను ఏమీ అనను. వాడు చూసింది వాడు నమ్మాడు. నేను అన్నది మనుషులనే. ఇంటింటికీ తిరిగి ఫిర్యాదు చేశాను. మా అమ్మ, "ఊకోయే, ఎవలన్నరు గట్ల? ఆడిపిల్లకు ఎద్దెందుకు? నోరు మూసుకోని బువ్వ తిను," అంది. పెద్దమ్మ చేట కింద పెట్టి, "గట్లన్నడా మీ తాత? నాకు యాదికి లేదు బిడ్డా," అంది. తాతయ్య ఆ మాట అన్న రోజు ఆమె పప్పు ఎంత చెరిగిందో, ఎన్ని రాళ్ళు ఏరిందో నాకు గుర్తుంది, ఆమెకు మాట గుర్తులేదు. చిన్నాయన, "నేనప్పుడు కాళ్ళు కడుక్కుంటున్న. చెవులు కడుక్కోలే," అన్నాడు.

చివరికి తాతయ్యనే అడిగాను. ఆయన అరుగు మీద కూర్చుని జనుము పేనుతున్నాడు.

"నేనే ఎందుకు? నువ్వే కుట్టి నువ్వే తిట్లు తినొచ్చు గద, రోజూ తింటున్నట్టు."

పేనుతున్న తాడును ఒక మెలి తిప్పాడు. ఆ తరువాత తల ఎత్తకుండానే, "ఇంట్ల ఒక్కటన్న నన్ను చూసి బుస కొట్టకుండ ఉండాలనుకున్న," అన్నాడు.

"అందుకని నా చెయ్యి పెట్టినవా?"

"పిల్లవు. నాలుగు దినాలల్ల మర్సిపోతవనుకున్న."

"చుక్కోడు మర్సిపోతడా?"

"వాడు మర్సిపోడు."

"నేను గూడ మర్సిపోను," అన్నాను.

ఆ రోజు నుంచి ఆయనను తాతా అని పిలవడం మానేశాను. నీళ్ళు అడిగితే చెంబు తెచ్చి, చేయి చాచినా అందని దూరంలో పెట్టి వచ్చేదాన్ని. ఆయన లేచి తెచ్చుకునేవాడు. చుక్కోడు మాత్రం ఆయన కొట్టంలోకి వస్తే బుస కొట్టేవాడు కాదు. ఆయన కర్ర బయట వదిలేసి లోపలికి వెళ్ళి, వాడి వీపు మీద చేయి వేసి ఊరికే నిలబడేవాడు. అది చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది.

ఇరవై రోజులు గడిచాయి. శేరిగూడ నుంచి ఒక సాయబు తన కోడెను తోలుకొచ్చాడు. పట్నానికి కట్టెల బండి తోలే మనిషి, ఎర్రని గడ్డం, పెద్ద గొంతు. కోడె కూడా ఎర్రదే, ఆయనను అంటిపెట్టుకుని నడిచింది. గుంజకు బిగించారు, కాళ్ళకు తాళ్ళు వేశారు, గుడ్డ కట్టారు. ఆ సాయబు చెప్పులు విడిచి, మునివేళ్ళ మీద నడిచి వెళ్ళి, అదే గోడ వెనుక, మా చిన్నాయన నిలబడ్డ చోటే నిలబడ్డాడు. విడిచిన చెప్పులు గోడ పక్కన కనిపించాయి. ఈసారి ఊరుకోలేదు.

తాతయ్య దబ్బనం తీసేలోపే నేను వెళ్ళి కోడె కళ్ళ గుడ్డ లాగేశాను. గోడ వెనక్కి పరిగెత్తి సాయబు అంగీ పట్టుకుని బయటికి గుంజాను. "చూడు! ఈడ దాక్కుండు నీ మాలిక్! గీయనే కుట్టిస్తుండు, మా తాత కాదు!" అని ఎద్దుకే చెప్పాను. గొంతు పగిలేలా చెప్పాను. సాయబు, "యా అల్లా, ఏం పోరిరా ఇది, షైతాన్!" అని నా చేయి విదిలించుకున్నాడు. మా చిన్నాయన వచ్చి నా చెంప మీద కొట్టాడు. చెవిలో హోరు చాలాసేపు వినిపించింది. అయినా నేను కోడె ముందు నుంచి కదలలేదు.

సాయబు మళ్ళీ గోడ వెనక్కి వెళ్ళాడు. కాని ఇక లాభం లేకపోయింది. గుడ్డ మళ్ళీ కట్టినా కోడె మెడను గోడ వైపే తిప్పి అరుస్తోంది. రెండుసార్లు చూసి తాతయ్య దబ్బనం కింద పెట్టాడు.

"సాయబూ, నువ్వే వచ్చి తల పట్టుకో," అన్నాడు.

"నేనా? నా ఎద్దు నన్నే పొడుస్తది!"

"పొడవనీ. ఊళ్ళె అన్ని నా మీదికి వస్తలేవా?"

సాయబు నన్ను తిడుతూనే వచ్చి కోడె తల పట్టుకున్నాడు. దబ్బనం దిగగానే అది తల విసిరింది. కొమ్ము మొదలు ఆయన మూతికి తగిలి పెదవి చిట్లింది. గడ్డమంతా నెత్తురు. నన్ను తిట్టాడు, మా తాతయ్యను తిట్టాడు, తన రాతను తిట్టుకున్నాడు, ఉర్దూలో కొంత, తెలుగులో కొంత. కాని పట్టు వదల్లేదు. తాడు లాగింది కూడా ఆయనే. గుడ్డ తీశాక కూడా పక్కకు జరగలేదు. ఎద్దు ఆయన ముఖంలోకి చూసి బుస కొట్టింది. ఆయన అలాగే నిలబడి బెల్లం ముద్ద అరచేతిలో పెట్టుకుని చేయి చాచాడు. పెదవి నుంచి నెత్తురు బెల్లం మీద పడుతోంది. ఎద్దు ముఖం తిప్పుకుంది. ఆయన చేయి దించలేదు. ఎంతసేపని చెప్పను, మా చిన్నాయన రెండుసార్లు ఆవులించేంతసేపు. చివరికి అది మెడ వంచి, ముందు ఆయన మణికట్టు వాసన చూసి, బెల్లం తీసుకుంది. ఆయన భుజానికి ముఖం రుద్దింది. అంతే. ఏమీ కాలేదు.

సాయబు పెదవి తుడుచుకుంటూ మా తాతయ్య వైపు తిరిగాడు. "మరి ఇన్నేండ్ల సంది మమ్మల్ని గోడెనక ఎందుకు నిలబెట్టినవయ్యా?"

"నేనెవర్ని నిలబెట్టలే. మీరే దాక్కున్నరు. మా నాయన కాలం నుంచి దాక్కుంటున్నరు. నేను వద్దనలే, గదే నా తప్పు."

నా చెంప ఇంకా మండుతోంది. "మరి నువ్వెందుకు దాక్కున్నవ్ తాతా?" అన్నాను. ఇరవై రోజుల తరువాత మొదటిసారి పిలిచాను. ప్రేమతో కాదు, జవాబు కావాలని పిలిచాను.

ఆయన దబ్బనాన్ని గుడ్డతో తుడిచాడు. తుడిచినదాన్నే మళ్ళీ తుడిచాడు. ఆ తరువాత నాకు జవాబు చెప్పకుండా మా చిన్నాయనతో మాట్లాడాడు, సాయబు వినేలా, అరుగు మీది పెద్దమ్మ వినేలా, లోపల మా అమ్మ వినేలా.

"కోడె పిల్లది. బతికితే నీదే అని నేనే అన్న. నాకు యాదుంది. తోలుకపోవాల్నంటే దాన్ని అడిగి తోలుకపో."

"పదేండ్ల పోరిని అడుగుడేంది నాయనా?"

"ముప్పయేండ్లోనివి గోడెనక దాక్కోలేదా? పదేండ్ల పిల్లను అడుగుతే ఏం పోతది?"

సాయబు పగిలిన పెదవితోనే నవ్వాడు. నవ్వితే నొప్పి పుట్టి మళ్ళీ నన్ను తిట్టాడు.

ఆ ఏడు తొలకరికి మా చిన్నాయన పళ్ళు బిగబట్టుకుని నా దగ్గరికి వచ్చి, "ఎద్దును తోలుకపోనా?" అని అడిగాడు. వినపడలేదన్నాను. మళ్ళీ అడిగాడు. తోలుకపొమ్మన్నాను. ప్రతి ఏడూ అలాగే, ప్రతిసారీ రెండుసార్లు అడిగించుకున్నాను. నా పెళ్ళి నాటికి కూడా ఆయనకు అది అలవాటు కాలేదు. నాకు విసుగూ రాలేదు. చెంపదెబ్బ గురించి మాత్రం ఆయన ఎన్నడూ ఏమీ అనలేదు. నేను ఇప్పటిదాకా ఎదురుచూస్తున్నాను. ఆయన పోయి చాలా కాలమైంది.

ఆ తరువాత మా తాతయ్య గోడ వెనుక ఎవరినీ నిలబడనివ్వలేదు. దాక్కుంటానన్నవాళ్ళను వేరే ఊరికి పొమ్మన్నాడు. చాలామంది పోయారు కూడా. ఇంటికి వచ్చే జొన్నలు తగ్గాయని మా అమ్మ ఎన్నో రోజులు నన్ను దెప్పింది. పాత ఎద్దులు ఆయనను చూసి బుస కొట్టడం మానలేదు. ఆయనా గోడల వెంట నడవడం మానలేదు. ముసలితనంలో మంచాన పడ్డప్పుడు నా చేతి నీళ్ళు కావాలని కబురు పంపాడు. అత్తగారింటి నుంచి వెళ్ళాను. చెంబు నోటికి అందించే ముందు, "చుక్కోడి తాడు నాతోని లాగిపించినవ్," అన్నాను. "యాదుంది బిడ్డా," అన్నాడు. అప్పుడు తాగించాను. క్షమించానా అని అడిగినవాళ్ళు ఉన్నారు. నేను ఆయనకు నీళ్ళు తాగించాను, అంతవరకే చెప్పగలను.

నేను తరువాత చదువుకుని పిల్లలకు పాఠాలు చెప్పాను. పనిచేసిన చోట పెద్దలు, "మీరైతే ఎవరూ ఏమీ అనరమ్మా, జర ఇక్కడ సంతకం పెట్టండి," అని కాగితాలు ముందుకు జరిపినప్పుడల్లా ముందుగా గది మూలల్లో చెప్పుల కోసం వెతికాను. ఎవరు ఎక్కడ నిలబడి ఉన్నారో తెలియకుండా ఏ తాడూ లాగలేదు. దానివల్ల నాకు గయ్యాళి అన్న పేరు వచ్చింది. రానీ. నా కూతురికి ముక్కు కుట్టించిన రోజు ఆడవాళ్ళంతా, "తల్లివి, నువ్వు పక్కకు పో, పిల్ల నీ మీద కోపం పెట్టుకుంటది," అన్నారు. నేను పోలేదు. దాని తలను నా ఒళ్ళో నేనే పట్టుకున్నాను. అది నా చేయి కొరికింది. అదే చేత్తో దానికి బెల్లం పెట్టాను.

ఇక చుక్కోడి సంగతి. శేరిగూడ సాయబును చూసిన మర్నాటి నుంచి రోజూ ఉదయం బెల్లం ముద్ద పట్టుకుని వాడి ముందు నిలబడ్డాను. బుస కొట్టినా కదలలేదు. కొమ్ములు దించినా కదలలేదు. పదకొండో రోజో పన్నెండో రోజో వాడు నా అరచేతిలోంచి తిన్నాడు. ఆ గరుకు నాలుక తగిలాక నేను అక్కడే కూర్చుని ఏడ్చాను, ఎవరూ చూడలేదు. కాని ఆ రోజైనా, ఆ తరువాత వాడు బతికిన పన్నెండేళ్ళలో ఏ రోజైనా, నన్ను చూడగానే ముందు ఒకసారి బుస కొట్టేవాడు. కొట్టాకే తినేవాడు. ముసలివాడై పళ్ళు ఊడిపోయాక, నిలబడలేక పడుకున్న చోటి నుంచి కూడా, ముందు ఆ చిన్న బుస, తరువాతే నా చేయి.

నా దగ్గరికి ఎవరైనా తీపి మాటలతో వస్తే నేనూ ముందు అలాగే చేస్తాను. వచ్చినవాళ్ళు నొచ్చుకుంటారు, కొందరు లేచి వెళ్ళిపోతారు. చేయి దించకుండా నిలబడ్డవాళ్ళ బెల్లమే నేను తిన్నాను.